మూడు సౌష్ఠవ రేఖల చతుర్భుజం ఎందుకు లేదు



ఈ ధర్మనిధి ఎవరి స్మృతికోసం ఏర్పడిందో వెనక కట్టిన బ్యానరు మీద పూర్తి పేరుతో ఉంది. ఆయన్ని మనమెవరమూ పేరు పెట్టి పిలిచినవాళ్లం కాదు. లెక్కల మాస్టారంటే ఆయనే. ఈ ఉపన్యాసంలో కూడా మాస్టారనే అంటాను.

మాస్టారి గురించి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. జామెట్రీ బాక్సు కొనుక్కోలేని పిల్లల కోసం ఆయన బల్ల సొరుగులో వృత్తలేఖినులు, స్కేళ్లు ఉండేవి. ఆ సొరుగుకు తాళం వేసేవారు కాదు. ఎవరు తీసుకున్నారో, ఎవరు తిరిగి పెట్టారో అడిగేవారు కాదు. కానీ లెక్క దగ్గర మాత్రం అడిగి తీరేవారు. జవాబు తప్పయితే సరే, ఒప్పయినా సరే, ఆయన నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే: "ఎలా తెలిసింది?" "కనిపిస్తోంది కదండీ" అంటే ఒప్పుకునేవారు కాదు. పాత దినపత్రిక చింపి చేతికిచ్చి, మడిచి చూపించమనేవారు. జ్యామితిలో కంటికి కనిపించడం వేరు, మనకు తెలియడం వేరు అని ఆయన గట్టిగా నమ్మారు. నేనూ నమ్ముతాను. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ నమ్మకానికి ఒక సమర్థన.

విషయం చిన్నది, ఆరు ఏడు తరగతుల పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. బహుభుజుల సౌష్ఠవ రేఖలు. ఒక ప్రశ్న ముందు పెట్టుకుని నడుద్దాం. చతుర్భుజాల్లో సౌష్ఠవ రేఖ ఒక్కటీ లేనివి ఉన్నాయి. ఒకటి ఉన్నవి, రెండు ఉన్నవి ఉన్నాయి. చతురస్రానికి నాలుగు. మరి సరిగ్గా మూడు ఉన్న చతుర్భుజం ఏది? ఎవరు ఎంత వెతికినా దొరకలేదు. అయితే "దొరకలేదు" అనడం ఒకటి, "ఉండటానికి వీల్లేదు" అనడం మరొకటి. రెండో మాట అనగలగాలంటే సౌష్ఠవ రేఖను కాగితం మీద గీసిన గీతగా చూడటం చాలదు. ఆ గీత ఒక పనికి గుర్తు. బొమ్మను బోర్లించి మళ్లీ దాని చోటులోనే సరిగ్గా కూర్చోబెట్టే పని. ఆ పనిని పట్టుకుంటే మూడు ఎందుకు కుదరదో దానంతట అదే తేలుతుంది. నా వాదన ఇంతే. ఇక మెట్టు మెట్టుగా చెబుతాను.

1. సగం చేసే గీత

నిర్వాహకులు మీ అందరికీ తెల్లకాగితాలు పంచారు. అది ఏ4 కాగితం: పొడవు 297 మిల్లీమీటర్లు, వెడల్పు 210. దయచేసి ఎదురెదురు మూలలు కలిపే కర్ణం మీదుగా మడవండి. నేను ఆగుతాను.

అంచులు కలవలేదు కదా? కలవకపోగా రెండు మూలలు చెరోవైపు పొడుచుకొచ్చాయి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఐదు భుజాల బొమ్మ. దీర్ఘచతురస్రానికి కర్ణం సౌష్ఠవ రేఖ కాదని ఆ రెండు మూలలూ చెబుతున్నాయి. అయినా ఏ బడికి వెళ్లి అడిగినా, దీర్ఘచతురస్రానికి నాలుగు సౌష్ఠవ రేఖలని, అందులో రెండు కర్ణాలని చెప్పే పిల్లలు ఉంటారు. వాళ్లను తప్పు పట్టను. కర్ణం బొమ్మను రెండు సమాన భాగాలు చేస్తుందని వాళ్లకు మనమే చెప్పాం. అది నిజం కూడా. ఆ రెండు త్రిభుజాలూ అన్ని విధాలా సర్వసమానాలు.

ఎక్కడ తేడా వచ్చింది? కాగితాన్ని కర్ణం వెంట కత్తిరించి, ఒక ముక్కను బల్ల మీద పెట్టి జరుపుతూ తిప్పండి. బల్ల మీంచి ఎత్తకుండానే, వెనకవైపు పైకి రాకుండానే, రెండో ముక్క స్థానంలో సరిగ్గా సరిపోతుంది. అంటే ఆ రెండు ముక్కలకూ ఉన్న సంబంధం తిప్పడం వల్ల వచ్చింది. మడత అలా కాదు. మడిచినప్పుడు ముక్క బోర్లా పడుతుంది. తిప్పితే సరిపోయే ముక్క బోర్లిస్తే సరిపోవాలని ఏమీ లేదు.

దీర్ఘచతురస్రం కేంద్రం మీదుగా ఏ వాలులో గీత గీసినా వైశాల్యం సగమవుతుంది. చుట్టుకొలత కూడా సగమే అవుతుంది. అలాంటి గీతలు అనంతం. వాటిలో సౌష్ఠవ రేఖలు రెండే, ఎదురెదురు భుజాల మధ్యబిందువులు కలిపేవి. ప్రతి సౌష్ఠవ రేఖా బొమ్మను సగం చేస్తుంది, సగం చేసే ప్రతి గీతా సౌష్ఠవ రేఖ కాదు. ఈ ఒక్క వాక్యం పిల్లల చేత కాగితంతో రుజువు చేయిస్తే, తర్వాత వచ్చే తికమకలో చాలా భాగం రాదు.

ఇంకొక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. మీరు మడిచిన ఆ ఐదు భుజాల బొమ్మను పారేయకండి. దానికి ఒక సౌష్ఠవ రేఖ ఉంది. మడత గీతకు సరిగ్గా మధ్యలో లంబంగా వెళ్తుంది. ఇంటికి వెళ్లాక, లేదా నేను మాట్లాడుతుండగానే, ఆ రేఖ మీద మళ్లీ మడవండి. ఈసారి అంచులు కలుస్తాయి.

2. గీత లేకుండా బోర్లించడం

యూక్లిడ్ 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో ఐదో ప్రతిపాదన మనందరికీ తెలిసినదే. సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానం. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ ఇచ్చిన రుజువు పొడవైనది. భుజాలను కిందికి పొడిగించి, అదనపు రేఖలు గీసి, రెండు జతల త్రిభుజాలు పోల్చి సాధిస్తాడు. మన బడుల్లో వేరే దారి. శీర్షకోణ సమద్విఖండన రేఖ గీసి, రెండు ముక్కలూ సర్వసమానమని చూపిస్తాం.

క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న పప్పస్ ఏ గీతా గీయలేదు. ఆయన రుజువును ప్రోక్లస్ తన వ్యాఖ్యానంలో భద్రపరిచాడు. త్రిభుజం పేరు ఏబీసీ అనుకోండి, ఏబీ, ఏసీ సమాన భుజాలు. ఈ త్రిభుజాన్ని ఏసీబీ అనే త్రిభుజంతో పోల్చమంటాడు పప్పస్. అంటే ఆ త్రిభుజాన్నే, అవతలివైపు నుంచి చదివినట్టు. ఏబీకి ఏసీ సమానం. ఏసీకి ఏబీ సమానం. మధ్యలో ఉన్న కోణం రెండిటికీ ఒకటే. కాబట్టి రెండు త్రిభుజాలూ సర్వసమానం. కాబట్టి బీ దగ్గరి కోణం, సీ దగ్గరి కోణం సమానం. అయిపోయింది.

కాస్త నిదానంగా చూడండి. ఉన్నది ఒకే త్రిభుజం. రెండో త్రిభుజం లేదు. దాన్ని దానితోనే, కానీ బోర్లించి పోల్చాడు. సౌష్ఠవ రేఖ ఊసే లేదు, సౌష్ఠవం మాత్రం పూర్తిగా ఉంది. ఈ రుజువు నాకు చాలా ఇష్టం. తొమ్మిదో తరగతి పిల్లలకు దీన్ని చెప్పకుండా వదిలేయడం నిజంగా నష్టమని నా అభిప్రాయం.

ఇప్పుడు సౌష్ఠవ రేఖకు నిర్వచనం ఇలా చెప్పుకోవచ్చు. బొమ్మను బోర్లించి మళ్లీ దాని చోటులోనే పెట్టగలిగితే, ఆ పనిలో కొన్ని బిందువులు కదలకుండా ఉన్నచోటే ఉంటాయి. ఆ కదలని బిందువులన్నీ కలిసి ఏర్పరిచేదే సౌష్ఠవ రేఖ. ముందు పని, తర్వాత రేఖ. జ్యామితి అంతటినీ ఇలా, బొమ్మల మీద చేసే పనుల ద్వారా అర్థం చేసుకోవచ్చని ఫెలిక్స్ క్లెయిన్ 1872లో ఎర్లాంగెన్‌లో ప్రతిపాదించాడు. గణితం చదివే పెద్ద విద్యార్థులకు ఆ సంగతి తెలుసు. నా మనవి ఏమిటంటే, ఆ చూపు ఏడో తరగతిలోనే ఇవ్వొచ్చు, దానికి ఒక కాగితం చాలు.

రేఖను గీయగలగడానికీ ఆ పని ఉండటానికీ సంబంధం లేదనడానికి ఇంకో ఆధారం. ఏడు భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినులతో కచ్చితంగా గీయడం సాధ్యం కాదు. 1837లో వాంట్జెల్ ప్రచురించిన ఫలితం నుంచి ఇది రుజువైంది. అయినా దానికి ఏడు సౌష్ఠవ రేఖలున్నాయని, ప్రతిదీ ఒక శీర్షం మీదుగా, ఎదురు భుజం మధ్యబిందువు మీదుగా వెళ్తుందని మనకు సందేహం లేకుండా తెలుసు.

3. చుట్టూ చదివి చెప్పడం

బోర్లించి చూడాలంటే చేతిలో కాగితం ఉండాలి. కాగితం లేనప్పుడు, బొమ్మ కూడా లేనప్పుడు, కొలతలు మాత్రమే ఇస్తే ఎలా?

'వికటకవి' అనే మాట మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇటు నుంచి చదివినా అటు నుంచి చదివినా ఒకటే. వి, క, ట, క, వి. ఐదు అక్షరాలు. వీటిని వరసగా ఒక పంచభుజి ఐదు భుజాల మీద రాయండి. మధ్యలో ఉన్న 'ట' ఒక భుజం మీద పడుతుంది. రెండు 'వి'లూ పక్కపక్క భుజాల మీదికి వచ్చి ఒక శీర్షం దగ్గర కలుస్తాయి. ఆ శీర్షం నుంచి 'ట' భుజం మధ్యకు గీత గీస్తే, గీతకు ఇటు ఉన్న అక్షరాలు అటు ఉన్న అక్షరాలకు ప్రతిబింబాలు. బేసి సంఖ్యలో భుజాలున్న బొమ్మకు సౌష్ఠవ రేఖ ఉంటే అది తప్పకుండా ఒక శీర్షం మీదుగా, ఎదురు భుజం మధ్యబిందువు మీదుగా ఎందుకు వెళ్లాలో ఈ మాట చూపిస్తుంది. శీర్షాలన్నీ జతజతలుగా చోటు మార్చుకోవాలి. బేసి సంఖ్యలో ఉంటే ఒకటి జత లేకుండా మిగులుతుంది. జత లేనిది కదలకూడదు, అంటే రేఖ మీదే ఉండాలి.

ఇక అక్షరాల బదులు కొలతలు రాద్దాం. బొమ్మ చుట్టూ నడుస్తూ భుజం, కోణం, భుజం, కోణం అని రాసుకుంటూ పోవాలి. ఒక సమాంతర చతుర్భుజం తీసుకుందాం, భుజాలు 5, 3 సెంటీమీటర్లు, కోణాలు 60, 120 డిగ్రీలు. ముందుకు చదివితే 5, 60, 3, 120, మళ్లీ 5, 60, 3, 120. ఇందులో 5 తర్వాత ఎప్పుడూ 60 వస్తుంది. వెనక్కి చదవండి. 5 తర్వాత ఎప్పుడూ 120 వస్తుంది. ఎక్కడ మొదలుపెట్టినా ఈ రెండు వరసలూ కలవవు. కాబట్టి ఈ సమాంతర చతుర్భుజానికి సౌష్ఠవ రేఖ లేదు. మడవనక్కర్లేదు, చూడనూ అక్కర్లేదు.

అదే దీర్ఘచతురస్రమైతే 5, 90, 3, 90. కోణాలన్నీ ఒకటే కాబట్టి ముందుకూ వెనక్కూ ఒకే వరస. సమచతుర్భుజమైతే 5, 60, 5, 120. ఇక్కడ భుజాలన్నీ ఒకటే, వెనక్కి చదివినా కలుస్తుంది. అంటే దీర్ఘచతురస్రంలో కోణాల సమానత్వం సౌష్ఠవాన్ని నిలబెట్టింది, సమచతుర్భుజంలో భుజాల సమానత్వం నిలబెట్టింది. సమాంతర చతుర్భుజంలో భుజాలూ కోణాలూ రెండూ రెండు రకాలు కావడంతో అది నిలవలేదు. మొదటి రెండిటికీ చెరి రెండు రేఖలు. దీర్ఘచతురస్రానికి అవి భుజాల మధ్యబిందువుల మీదుగా, సమచతుర్భుజానికి శీర్షాల మీదుగా. దీర్ఘచతురస్రం భుజాల మధ్యబిందువులను వరసగా కలపండి, సమచతుర్భుజం వస్తుంది. సౌష్ఠవ రేఖలు మాత్రం ఆ రెండే, మారవు. రెండు లక్షణాలూ ఉన్న చతురస్రానికి రెండూ రెండూ నాలుగు.

కంప్యూటర్లు పనిచేసేది కూడా ఈ పద్ధతికి దగ్గరగానే. బహుభుజిని ఒక అక్షరాల వరసగా మార్చి, దాన్ని తిరగేసిన వరస అందులో ఎక్కడ ఇమిడిందో వెతకడం. 1980ల్లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు దీని మీద మంచి పని చేశారు. పొడవైన పాఠంలో ఒక పదాన్ని వెతికే యంత్రపు తెలివి ఇక్కడ పనికొచ్చింది.

ఈ పద్ధతి గురించి నాకు పట్టింపు ఉండటానికి ఇంకో కారణం ఉంది. చూపు లేని పిల్లలు సౌష్ఠవం పాఠానికి దూరంగా ఉండాల్సిన పని లేదు. భుజాలను వేళ్లతో కొలిచి, కోణాలను తాకి తెలుసుకుని, వరస చదివి ఆ పిల్లవాడు చెప్పే జవాబు బొమ్మ చూసి ఊహించే పిల్లవాడి జవాబు కంటే గట్టిది. 'సౌష్ఠవం అంటే అందం, కంటికి తెలిసిపోతుంది' అని పాఠం మొదలుపెట్టే ఉపాధ్యాయులకు నా విన్నపం: ఆ మాటతో ఆ పిల్లల్ని తరగతి బయట నిలబెట్టకండి.

4. రెండు రేఖలు కలిసిన చోట

ఇప్పటి దాకా ఒక్క రేఖతో పని. రెండు రేఖలుంటే అసలు విషయం మొదలవుతుంది.

మొదట, బహుభుజి సౌష్ఠవ రేఖలన్నీ ఒకే బిందువులో కలవాలి. అట్టను ఆ ఆకారంలో కత్తిరించి పెన్సిలు మొన మీద నిలబెడితే ఎక్కడ నిలుస్తుందో అది దాని గురుత్వ కేంద్రం. బొమ్మను బోర్లించి దాని చోటులోనే పెట్టినప్పుడు గురుత్వ కేంద్రం వేరే చోటికి పోదు. కదలని బిందువు రేఖ మీదే ఉండాలని ముందే చెప్పుకున్నాం. కాబట్టి ప్రతి సౌష్ఠవ రేఖా గురుత్వ కేంద్రం మీదుగానే వెళ్లాలి. సమాంతరంగా రెండు సౌష్ఠవ రేఖలు ఏ బహుభుజికీ ఉండవు. అవి చీర అంచు లాంటి చోట, ఒకే పువ్వు వరసగా సాగిపోయే నమూనాలో ఉంటాయి.

ఇప్పుడు రెండు రేఖలు ఒక కోణంలో కలిశాయి. మొదటి రేఖ మీద బోర్లించండి, వెంటనే రెండో రేఖ మీద బోర్లించండి. రెండుసార్లు బోర్లా పడింది కాబట్టి బొమ్మ మళ్లీ వెల్లకిలా ఉంది, కానీ తిరిగి ఉంది. ఎంత తిరిగింది? రేఖల మధ్య కోణానికి సరిగ్గా రెట్టింపు. దీర్ఘచతురస్రపు రెండు రేఖల మధ్య 90 డిగ్రీలు, వరసగా రెండుసార్లు బోర్లిస్తే 180 డిగ్రీలు తిరుగుతుంది. కాగితం చేతిలో ఉన్నవాళ్లు ఒక మూలలో చుక్క పెట్టి చేసి చూడండి. చుక్క ఎదురు మూలకు చేరుతుంది.

స్కాట్లండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1816లో కెలిడోస్కోపు తయారుచేసింది ఈ సూత్రం మీదే. 1817లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మన పిల్లలు గాజుల ముక్కలు వేసి చేసే దాంట్లో మూడు అద్దాలుంటాయి, నమూనా అన్ని దిక్కులా సాగిపోతుంది. రెండే అద్దాలు పెడితే ఒకే కేంద్రం చుట్టూ ఒక్క బొమ్మ ఏర్పడుతుంది. మనకు కావలసింది ఇదే.

రెండు చిన్న అద్దాలను పుస్తకం అట్టల్లాగా టేపుతో అతికించి, 60 డిగ్రీల కోణంలో తెరిచి, కాగితం మీద నిలబెట్టండి. రెండు అద్దాలనూ తాకేలా కాగితం మీద ఒక గీత గీయండి. గీత రెండు అద్దాలనూ కేంద్రం నుంచి సమాన దూరంలో తాకితే అద్దాల్లో క్రమ షడ్భుజి కనిపిస్తుంది. ఇప్పుడు గీతను కాస్త వాల్చండి, ఒక అద్దాన్ని దగ్గరగా, ఇంకోదాన్ని దూరంగా తాకేలా. ఇప్పుడూ ఆరు భుజాలే, ఆరూ సమానమే, ఎందుకంటే ఆరూ ఒకే గీత ప్రతిబింబాలు. కోణాలు మాత్రం ఒకటి విడిచి ఒకటి మారతాయి. ఆరు రేఖల్లో మూడు పోయి మూడు మిగిలాయి. 'భుజాలన్నీ సమానమైతే భుజాలెన్నో సౌష్ఠవ రేఖలన్ని' అని బట్టీ పట్టిన విద్యార్థికి ఈ ఒక్క ప్రయోగం చూపించండి. ఆ సూత్రం క్రమ బహుభుజులకు మాత్రమే. క్రమం అంటే భుజాలూ కోణాలూ రెండూ సమానం కావడం.

5. మూడుకు చోటు లేదు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం.

ఒక బొమ్మకు రెండు సౌష్ఠవ రేఖలున్నాయనుకుందాం. బొమ్మను మొదటి రేఖ మీద బోర్లిస్తే బొమ్మ మారదు, కాబట్టి దాని సౌష్ఠవ రేఖల సమూహం కూడా మారదు. అంటే రెండో రేఖకు మొదటి రేఖలో వచ్చే ప్రతిబింబం కూడా సౌష్ఠవ రేఖే కావాలి. దీని ఫలితంగా రేఖలన్నీ కేంద్రం చుట్టూ సమాన కోణాల్లో సర్దుకుంటాయి. మూడు రేఖలుంటే పక్కపక్క రేఖల మధ్య 60 డిగ్రీలు. వరసగా రెండుసార్లు బోర్లిస్తే 120 డిగ్రీల భ్రమణం. అంటే మూడు సౌష్ఠవ రేఖలున్న ఏ బొమ్మ అయినా 120 డిగ్రీలు తిప్పితే తన చోటులోనే కూర్చోవాలి.

చతుర్భుజాన్ని 120 డిగ్రీలు తిప్పుదాం. ఒక శీర్షం రెండో శీర్షం చోటికి పోతుంది, రెండోది మూడోదాని చోటికి, మూడోది మొదటిదాని చోటికి. మూడు శీర్షాలు ఒక జట్టు. నాలుగో శీర్షానికి జట్టు లేదు. అది కదలకుండా ఉండాలంటే కేంద్రం మీదే ఉండాలి. అలా ఉంటే దాని దగ్గర కలిసే రెండు భుజాలు 120 డిగ్రీలు తిరిగి మళ్లీ ఆ రెండు భుజాల మీదే పడాలి. రెండు గీతలతో అది జరగదు, మూడు కావాలి. కాబట్టి శీర్షాలు మూడేసి చొప్పున మాత్రమే రావాలి. నాలుగు మూడు చేత భాగించబడదు. కాబట్టి మూడు సౌష్ఠవ రేఖల చతుర్భుజం ఉండటానికి వీల్లేదు.

ఈ వాదన నాలుగుతో ఆగదు. ఏ బహుభుజికైనా సౌష్ఠవ రేఖలు అసలంటూ ఉంటే వాటి సంఖ్య భుజాల సంఖ్యను నిశ్శేషంగా భాగించాలి. త్రిభుజానికి 0, 1, 3. రెండు కుదరవు. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో 'గణితసారసంగ్రహం'లో త్రిభుజాలను సమ, ద్విసమ, విషమ అని మూడుగా విభజించాడు. పదకొండో శతాబ్దంలో మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. ఆ మూడు తరగతులనూ సౌష్ఠవ రేఖలతో చూస్తే సరిగ్గా 3, 1, 0. భుజాలతో చేసిన విభజన, సౌష్ఠవంతో చేసిన విభజన త్రిభుజం దగ్గర పూర్తిగా ఏకమవుతాయి. చతుర్భుజం దగ్గర విడిపోతాయి, ఎందుకంటే అక్కడ భుజాలు తెలిసినా కోణాలు తెలిసినట్టు కాదు.

పంచభుజికి 0, 1, 5. షడ్భుజికి 0, 1, 2, 3, 6.

జేబులో చిల్లర ఉన్నవాళ్లు ఒకసారి చూడండి. 2019లో ప్రకటించిన 20 రూపాయల నాణెం అంచుకు పన్నెండు భుజాలు. 1990ల్లో మనం వాడిన 2 రూపాయల నాణెం అంచుకు పదకొండు. అంతకుముందు 20 పైసల అల్యూమినియం బిళ్ల షడ్భుజి. మీద అచ్చువేసిన బొమ్మలను పక్కనపెట్టి అంచు మాత్రమే లెక్కలోకి తీసుకుందాం. పన్నెండు భుజాల నాణేనికి పన్నెండు రేఖలు, ఆరు ఎదురెదురు మూలల మీదుగా, ఆరు ఎదురెదురు అంచుల మధ్యగా. పదకొండు భుజాల నాణేనికి పదకొండూ ఒకే రకం, ప్రతిదీ ఒక మూల నుంచి ఎదురు అంచు మధ్యకు.

అరిగి, నొక్కుకుని వంకరపోయిన పన్నెండు భుజాల బొమ్మకు సూత్రం ప్రకారం 6 గానీ 4 గానీ 3 గానీ 2 గానీ 1 గానీ రేఖలు మిగలవచ్చు. పదకొండు భుజాల బొమ్మకు అంత వెసులుబాటు లేదు. పదకొండు ప్రధాన సంఖ్య. పదకొండు భుజాల బొమ్మలో మీకు రెండో సౌష్ఠవ రేఖ దొరికిందంటే చాలు, మిగతా తొమ్మిది వెతకనక్కర్లేదు, అవి ఉండి తీరతాయి. అంతేకాదు, భుజాలన్నీ సమానమని, కోణాలన్నీ సమానమని కొలవకుండానే చెప్పేయవచ్చు. ప్రధాన సంఖ్యలు అంకగణితం పాఠంలో, సౌష్ఠవం జ్యామితి పాఠంలో విడివిడిగా ఉంటాయి. అవి ఇక్కడ కలుసుకున్నాయి. మాస్టారి తరగతిలో ఇలాంటి చోట ఒక నిమిషం ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

6. రేఖలు లేని సౌష్ఠవం

రేఖలుంటే భ్రమణం ఉంటుందని చూశాం. భ్రమణం ఉంటే రేఖలుండాలా? అక్కర్లేదు. గడప మీద, జమాఖర్చుల పుస్తకం మొదటి పేజీలో మనం వేసే స్వస్తిక్ చూడండి. మందంగా గీస్తే అది ఇరవై భుజాల బహుభుజి. 90 డిగ్రీలు తిప్పితే అలాగే ఉంటుంది, బోర్లిస్తే కొక్కేలు రెండో వైపుకు తిరుగుతాయి. సౌష్ఠవ రేఖ ఒక్కటీ లేదు. నాగార్జునకొండ తవ్వకాల్లో బయటపడిన కొన్ని స్తూపాల పునాదుల్లో, వలయం నడుమ ఇటుకలతో కట్టిన స్వస్తిక ఆకారం ఉంది.

బహుభుజులకు ఈ రెండు కుటుంబాలే సాధ్యం, భ్రమణాలు మాత్రమే ఉన్నవి, లేదా భ్రమణాలెన్నో రేఖలన్ని ఉన్నవి. హెర్మన్ వైల్ 1952లో వచ్చిన 'సిమెట్రీ' అనే పుస్తకంలో ఈ సంగతి గుర్తించిన ఘనతను లియొనార్డో డావించీకి ఇచ్చాడు. నడుమ ఒక కట్టడం ఉండి, చుట్టూ చిన్న మందిరాలు చేర్చాల్సి వచ్చినప్పుడు మధ్య కట్టడం సౌష్ఠవం చెడకుండా ఎలా చేర్చాలని లియొనార్డో ఆలోచించాడు.

మన చార్మినార్ ఈ విషయంలో మంచి పాఠం. 1591లో కట్టిన ఆ కట్టడం పునాది నక్షా చతురస్రం, నాలుగు సౌష్ఠవ రేఖలు. కానీ పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉంది. దాన్ని కూడా నక్షాలో చేర్చితే మిగలడానికి అవకాశం ఉన్నది తూర్పు పడమరల రేఖ ఒక్కటే. ఎన్ని రేఖలని అడిగే ముందు ఏ బొమ్మకో, దాని మీద ఏయే గుర్తులను లెక్కలోకి తీసుకుంటున్నామో చెప్పాలి.

7. బడికి ఒక మనవి

ఉపాధ్యాయ మిత్రులకు సూటిగా చెబుతాను. సౌష్ఠవం అధ్యాయంలో మనం అడిగే ప్రశ్నలు ఎక్కువగా 'ఎన్ని?' దగ్గర ఆగిపోతున్నాయి. క్రమ బహుభుజుల పట్టిక ఇచ్చి ఖాళీలు నింపమంటాం. మూడుకు మూడు, నాలుగుకు నాలుగు, ఐదుకు ఐదు. రెండో ఖాళీ నింపేసరికి విద్యార్థి ఆలోచించడం ఆపేస్తాడు, ఎందుకంటే ఆలోచించాల్సిన పని అక్కడ లేదు. దానివల్లే దీర్ఘచతురస్రానికి నాలుగు, సమచతుర్భుజానికి నాలుగు అనే జవాబులు వస్తున్నాయి.

ప్రశ్న మార్చండి. ఖర్చు లేదు, కొత్త పుస్తకం అక్కర్లేదు, సిలబస్ దాటాల్సిన పనీ లేదు. రేపు తరగతిలో రెండు ప్రశ్నలు వేయండి. తొమ్మిది భుజాలుండి సరిగ్గా మూడు సౌష్ఠవ రేఖలున్న బొమ్మ గీయండి. ఎనిమిది భుజాలుండి సరిగ్గా మూడు సౌష్ఠవ రేఖలున్న బొమ్మ గీయండి. మొదటిది గీయవచ్చు, రెండోది కుదరదు. కుదరదని పిల్లలకు ముందుగా చెప్పకండి. కాగితాలు, కత్తెరలు, రెండు అద్దాలు ఇచ్చి వదిలేయండి. ఎవరైనా లేచి "ఇది కుదరదండీ" అంటే, ఎలా తెలిసిందో రాయమనండి. పేపర్లు దిద్దేటప్పుడు పూర్తి మార్కులు ఆ కారణానికే ఇవ్వండి.